మూడవ తరగతి రత్నము

శిశిరము కడముట్టి మామిడిచివురులు తామ్రచ్ఛాయ దాల్చుచుండగా గంజి పెట్టిన పడుగునూలు చాళ్లు సాలెవీధి పొడవునను ఎండకాగుచుండిన ఫాల్గుణ ప్రాతఃకాలమున ఆ వీధికొననున్న ప్రాథమిక పాఠశాల నవసుధాలిప్తకుడ్యయై తోరణాలంకృతయై సంవత్సరమున కొక్కమారు వేంచేయు పరీక్షాధికారికై యెదురుచూచుచుండెను. విద్యకొరకై యా బడి యెన్నడును ఇంతగా సింగారించుకొని యెరుగదు.

అధికారి విధిగా పరీక్షించునది మూడవ తరగతి. అందు ముందువరుసలో నేతగాడు వీరయ్య కూతురు నాంచారు కూర్చుండును. ప్రశ్న ముగియకమునుపే ప్రత్యుత్తరమిచ్చు ఈ కుశాగ్రబుద్ధిని పై తరగతికి బంపినచో బడి పరువు నిలుపువారెవ్వరని తలపోసి ప్రధానోపాధ్యాయుడగు సోమయాజులు పంతులు మూడేండ్లుగా నామె నచ్చటనే నిలిపియుంచెను. ఆహా, ఏమి శిష్యవాత్సల్యము!

"ఈసారైనా పైకి పంపకపోతే మాన్పించేస్తానండి" అని వీరయ్య మొన్ననే వచ్చి మొరపెట్టుకొనియుండెను.

"పరీక్ష కానీ వీరయ్యా, తప్పక పంపుతాను" అని పంతులు పలికెను. నిరుడును ఇదే పలుకు.

క్రొత్తగా వచ్చిన యధికారి త్రైరాశికపు లెక్క సగము చదువునంతలో నాంచారు ఫలము చెప్పెను. రెండవదియు నట్లే. పంతులు మొగము వికసించెను. అంతట బాలిక కూర్చుండక చేతులు కట్టుకొని నిలిచెను.

"అయ్యగారూ, ఈ లెక్కలు మూడేళ్లబట్టి చేస్తున్నానండి. తరవాతవి చెప్పించండి."

అధికారి పాత హాజరుపట్టీలు తెప్పించి చూచి నవ్వెను.

"మూడేళ్లు ఒకే తరగతా! ఇది తెలివి కాదు పంతులుగారూ, బట్టీ. మందబుద్ధి."

ఆ మాటనే యామె పేరున కెదురుగా వ్రాసెను. నిజమెరిగినవాడు పంతులొక్కడే, చెప్పినచో తన నేరము బయల్పడును. ఉత్తరీయము సవరించుకొని "చిత్తం" అనెను. అంతకన్న హేయమైన పలుకు నేను వినియెరుగను.

సాయంకాలమున వీరయ్య వచ్చి యధికారి వ్రాత వేదవాక్యమని నమ్మి "పోనీలెండి, ఇంట్లో నూలుకండెలైనా చుట్టుకుంటుంది" అని కూతుచేయి పట్టుకొనెను. గడపకడ నాంచారు వెనుదిరిగెను.

"మందబుద్ధంటే ఏంటండీ, పంతులుగారూ?"

పంతులు తోరణములు విప్పనారంభించెను. వెనుకవరుస పిల్లలు పకపక నవ్వుచు అర్థము చెప్పిరి. మూడేండ్లలో ఆ బడియందు నాంచారు క్రొత్తగా నేర్చుకొన్న మాట యదియొక్కటియే.