జలగ దూరిన బట్ట

తాపీ నదికి పెద్ద వరద వచ్చి పద్నాలుగేళ్లయిన సంవత్సరం అది. ఆ నది ఒడ్డున, తెలుగు నేతగాళ్లు వలస వచ్చి ఉండే లింబాయత్ గల్లీల్లో పెళ్లిళ్లూ పుట్టుకలూ ఇప్పటికీ ఆ వరద నుంచే లెక్కకొస్తాయి. ఆ ఏడు రోగం వచ్చింది. మరమగ్గాలు ఆగిపోయాయి. సగం గల్లీ సొంతూళ్లకని కరీంనగర్ దారి పట్టింది. రాజనర్సు పోలేదు. నలభై ఏళ్లు మగ్గాల మధ్య నిలబడి నిలబడి అతని ఎడమ కాలు సొరకాయలా వాచింది. ఆ కాలితో ఎక్కడికి పోతాడు?

వానలు మొదలయ్యాక బజారు తెరిచారు. అతని భార్య బాలవ్వ రింగ్ రోడ్‌లో చీరలు మడతపెట్టే పనికి వెళ్లేది. సోమవారం మనిషి రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటానని సేటు కబురు పంపాడు. ఒక్క హాల్లో నలభై మంది కూర్చునే చోటు. బాలవ్వకు దమ్ము రోగం. చలికాలంలో గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతుంది.

రాజనర్సు పెట్టె తెరిచాడు. తన మగ్గం మీద చివరిగా దిగిన బట్టలో మిగిలిన ముక్క తీసి, ఆరు మాస్కులు కుట్టి మేకుకు తగిలించాడు.

"నేను నేసింది. దీంట్లకెల్లి దోమ ముక్కు గూడ దూరది."

బాలవ్వ నవ్వింది. "ముప్పై ఏండ్లల్ల నువ్వు మాట్లాడిన పొడుగు మాట ఇదే."

అతని కాలిని డాక్టరుకు చూపించాలంటే దవాఖానలన్నీ ఆ రోగంతోనే నిండి ఉన్నాయి. కిమ్ అనే దగ్గరి ఊళ్లో మిల్లు పని చేసే మొండయ్య వరసకు బావమరిది. అక్కడి చెరకు పొలాల పక్క కాలువలో మూడు జలగలు పట్టి సీసాలో తెచ్చాడు.

"కాలుకు పట్టియ్యి బావా, చెడ్డ నెత్తురు గుంజుతయ్. మా తాత పట్టిచ్చేటోడు. ఇనుప మూత పెట్టకు, గాలి లేక సస్తయ్."

మాస్కులు కుట్టగా మిగిలిన ముక్కను రాజనర్సు సీసా మూతికి పరిచి, దారం మూడు చుట్లు చుట్టి ముడి వేశాడు.

ఆదివారం పొద్దున వంటకు కూర్చున్న బాలవ్వ ఒక్కసారి కేక పెట్టింది.

"ఏమయ్యా! గోడ మీద నడుస్తున్నది!"

ఉప్పు డబ్బా పైన, గోడ మీద జలగ ఉంది. తోక అంటించి ముందుకు సాగింది. తల అంటించి తోకను దగ్గరకు లాక్కుంది. జానతో బట్ట కొలిచినట్టు కొలుచుకుంటూ పైకి పోతోంది. బాలవ్వ గుప్పెడు ఉప్పు తీసింది. రాజనర్సు ఆమె చెయ్యి పట్టుకుని, ఆకుతో జలగను ఊడదీశాడు.

"ముడి సరింగ ఎయ్యలే నువ్వు."

అతను సీసా చూపించాడు. దారం చుట్లు అలాగే ఉన్నాయి. ముడి కదల్లేదు. లోపల మాత్రం రెండే జలగలు.

అప్పుడే వచ్చిన మొండయ్య తల ఊపాడు. "దుంకింది బావా. జెలగలు దుంకుతయ్. చెట్టు మీదికెల్లి మనిషి మెడ మీద దుంకంగ నేను జూసిన."

"మూతి కట్టిన సీసలకెల్లి ఎట్ల దుంకుతది? ఈ రాష్ట్రంల తాగే మందు దొరకదంటరు, నీకెక్కడ దొరికిందిరా తమ్మీ?" అంది బాలవ్వ.

రాజనర్సు జలగను సీసాలో వేసి, మళ్లీ కట్టి, వెలుతురులో పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు. కొంతసేపు అది నీళ్లలో రిబ్బనులా అలలు తిరుగుతూ ఈదింది. తర్వాత గాజు పట్టుకుని పైకి వచ్చింది. తోక మీద నిలబడి సగం ఒళ్లు గాలిలో ఊపింది. రాజనర్సు వంగి చూస్తే అతని ఊపిరి తగిలిన చోటికి మళ్లింది. పక్కకు జరిగితే అటే వచ్చింది.

తల బట్టకు ఆనించింది. చిటికెన వేలంత ఉన్నది సుతిలి తాడంత అయింది. ఇంకా సన్నబడింది. పడుగు పోగు ఒకటి పక్కకు జరిగింది. పేక పోగు ఒకటి జరిగింది. తల ఇవతలికి వచ్చి బట్టను పట్టుకుంది. మిగిలిన ఒళ్లంతా ఆ సందులోంచే లాక్కుంది. ఒక బీడీ కాలేంత సేపు పట్టింది. బట్ట ఎక్కడా చిరగలేదు. రెండు పోగులు తప్పుకున్నాయి, అంతే.

మొండయ్య పకపకా నవ్వాడు. "బావా, నీ బట్ట జెలగకు దర్వాజ తీసింది!"

రాజనర్సు మేకు వైపు చూశాడు. బాలవ్వ కూడా అటే చూసింది.

"గంత లావుది దూరంగ, కండ్లకు కనవడనిది దూరదా?" అంది మెల్లగా.

అతను జలగను మళ్లీ లోపల వేశాడు. బట్టను రెండు మడతలు వేసి సీసా మూతికి కట్టాడు. మధ్యాహ్నానికి జలగ తల ఇవతలికి వచ్చింది. మూడో మడతను అడ్డంగా తిప్పి కట్టాడు. అది చాలాసేపు వెతికి, ఓడి, నీళ్లలోకి దిగింది. మూడు మాస్కులు విప్పి మూడు మడతలతో ఒకటి కుట్టాడు. బాలవ్వ దాన్ని కట్టుకుని వాకిట్లోని నల్లా దాకా నడిచింది. తిరిగి వచ్చేసరికి రొమ్ము ఎగసిపడుతోంది. మాస్కు కిందికి లాగేసింది.

"బండ పెట్టినట్టున్నది. దీంతోని నాలుగు చీరలు గూడ మడవలేను. ఒక్క మడతదే కట్టుకపోత. మంది పోతలేరా?"

రాజనర్సు ఆ మాస్కును చేతిలో తిప్పి చూశాడు. తర్వాత తన కాలు చూసుకున్నాడు.

"ఆడ కూసునే పనేనా?"

"ఆ, కూసునేదే."

"మడత ఎట్లేస్తరో చూపియ్యి."

బాలవ్వకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. మొండయ్యకు ముందే అర్థమైంది.

"ఏంది బావా! ఆడోళ్ల నడుమ కూసోని చీరలు మడుస్తవా? నవ్వరా?"

"మాస్కుంటది గద," అన్నాడు రాజనర్సు. "ఎవ్వలు నవ్వేది కనవడది."

బాలవ్వ పెట్టెలోంచి పాత చీర తీసింది. అంచు మీద అంచు, కొంగు పైకి. అతను రెండుసార్లు తప్పాడు. "ఎన్ని నేసినవయ్యా, ఒక్కటన్న మడిచినవా?" అని చేతి మీద ఒకటి వేసింది. మూడోసారి కుదిరింది.

మర్నాడు పొద్దున రాజనర్సు సీసా చూశాడు. మూడూ లోపలే ఉన్నాయి. మూడు మడతల మాస్కు కట్టుకుని, బాలవ్వ రోజూ తీసుకెళ్లే అన్నం డబ్బా పట్టుకుని, రింగ్ రోడ్ బస్సెక్కాడు. హాలు గుమ్మం దగ్గర లెక్కలు రాసే మునీమ్ హాజరు కాగితం చూస్తూ పిలిచాడు.

"బాలవ్వ?"

"హా," అన్నాడు రాజనర్సు. చివరి వరసలో ఖాళీగా ఉన్న చోట కూర్చుని, వాచిన కాలు చాపుకుని, మొదటి చీర ముందుకు లాక్కున్నాడు.