దండ తీసిన ఫోటో

తొమ్మిదేళ్ల ప్రభుత్వం ఓడిపోయిందన్న వార్తను బుచ్చమ్మ కృష్ణానగర్ బస్టాపులో నిలబడే చదివింది. బడి మొహం చూడని మనిషి. కూతురు ఉదయశ్రీ అడవిలోకి వెళ్లి అన్నల్లో కలిసిపోయాక, ఎన్‌కౌంటర్లలో పోయినవాళ్ల పేర్లు ఇంకొకరి చేత చదివించుకోవడానికి భయపడి, తనంతట తానే అక్షరాలు కూడబలుక్కుంది. ఆరేళ్లుగా ఆమెకు పేపరంటే ముందు జిల్లా పేజీయే. ఆ రోజు మాత్రం మొదటి పేజీ దగ్గరే ఆగిపోయింది. కొత్తగా వచ్చేవాళ్లు అడవిలో ఉన్నవాళ్లను చర్చలకు పిలుస్తారట.

పిలిస్తే బయటికి రావచ్చు. బయటికొస్తే ఇంటికి రావచ్చు. అంతవరకు అనుకునేసరికి బుచ్చమ్మకు కూతురి ఫోటో గుర్తొచ్చింది. వెంటనే ఫిల్మ్ నగర్ దారి పట్టింది.

సినిమాల్లో గుంపులో నిలబడే వేషాలు ఆమెవి. ఎక్కువగా శవం చుట్టూ ఏడ్చేవి. నాలుగేళ్ల కిందట పోలీసులు వచ్చి కూతురి ఫోటో ఇమ్మన్నారు. లేదంది. మర్నాడే ఉన్న ఒక్క ఫోటోను కొంగు చాటున తెచ్చి, ఫిల్మ్ నగర్‌లో షూటింగు సామాన్లు అద్దెకిచ్చే గోదాములో పాత ఫ్రేముల మధ్య పెట్టేసింది. ఎవరివో తెలియని మొహాలు అక్కడ వందున్నాయి, ఎవరూ వెతకరు అనుకుంది. ఎవరూ వెతకలేదు. కానీ గోదాము చూసే వీరరాఘవయ్య, చనిపోయిన కూతురి ఫోటో కావాలని ఏ సెట్టు నుంచి కబురొచ్చినా దాన్నే పంపడం మొదలుపెట్టాడు. ఒకసారి బుచ్చమ్మే దాని ముందు కూర్చుని ఏడవాల్సి వచ్చింది. బొట్టు పెట్టి, ప్లాస్టిక్ దండ వేసి, దీపం వెలిగించారు. నా బిడ్డ అనడానికి లేదు. గ్లిజరిన్ లేకుండా భలే ఏడ్చావని అందరూ మెచ్చుకున్నారు.

గోదాము ముందు వ్యాను నిలబడి ఉంది. వీరరాఘవయ్య సామాను ఎక్కిస్తున్నాడు.

"ఏంటి బుచ్చమ్మా, ఇవాళ నీకు షూటింగ్ లేదుగా? మంత్రి పదవికి పిలిచారా?"

"పిలిస్తే నీకే ఇప్పిస్త సారూ. జర ఆ పిల్ల ఫోటో ఇయ్యి."

"ఏ పిల్ల?"

"నా బిడ్డ."

ఆరేళ్లలో ఆ మాట బయటివాళ్లతో అనడం అదే మొదలు. వీరరాఘవయ్య చేతిలోని అట్టపెట్టె కింద పెట్టాడు. దండతో సహా ఆ ఫ్రేము అందులోనే పైన ఉంది.

"ముందే చెప్పొద్దూ? నేనెన్ని సినిమాలకు పంపానో..."

"గప్పుడు చెప్పేటట్లుండెనా?" బుచ్చమ్మ గొంతు తగ్గించింది. "శవం వేషమేసినోళ్లను ఆఖర్ల నవ్వమని ఒక షాట్ తీస్తరు గద, కీడు పోవాలని. ఫోటోకు గట్లేమన్న ఉంటదా సారూ?"

"ఫోటోకేముంటుంది," అన్నాడతను, ఆమె వైపు చూడకుండా.

డ్రైవరు హారను కొట్టాడు. జూబ్లీహిల్స్ బంగళాలో పదింటికి షాటు.

"ఖాళీ ఫ్రేము పంపితే నా ఉద్యోగం ఊడుతుంది. ఉండు, ఇంకో పిల్లది చూస్తాను."

"వద్దు సారూ. ఆ పిల్ల గూడ ఎవలకో బిడ్డే."

బుచ్చమ్మ సంచిలో చెయ్యి పెట్టింది. వేషాలిచ్చేవాళ్లకు చూపించడానికి ఎప్పుడూ వెంట ఉంచుకునే తన ఫోటో తీసింది.

"వాళ్లడిగింది కూతురు ఫోటో," అన్నాడు వీరరాఘవయ్య.

"వెనక గోడకే గద. తల్లి సచ్చిందనుకుంటరు."

"నీకు మంచిది కాదు బుచ్చమ్మా."

"అందుల నేను నవ్వుతనే ఉన్న. జూడు."

అతను ఫోటో చూశాడు. నిజంగానే నవ్వుతోంది. ఫ్రేము వెనక మేకులు లాగాడు. అద్దం మీద బొట్టును బుచ్చమ్మ కొంగుతో తుడిచింది. నడుమ పోయింది గాని అంచున ఎర్రటి మరక పోలేదు. దాని వెనకే తన ఫోటో అమిరింది. దండ మళ్లీ ఎక్కింది.

వ్యాను తన మొహాన్ని తీసుకుని కొండెక్కి పోతుంటే చూసి, కూతురి ఫోటోను పొద్దుటి పేపరులో చుట్టింది. ఇంకా చదవని జిల్లా పేజీ లోపలికి పోయేలా మడిచింది. మడుస్తున్నంతసేపూ కళ్లు రోడ్డు మీదే పెట్టుకుంది. బస్సెక్కాక కూడా విప్పలేదు.