కొలత మీది కుంకుమ

మహర్నవమి నాడు టూల్‌రూములో ఆయుధపూజ ఏటా బాలనర్సయ్య చేతుల మీదుగానే జరిగేది. బొంబాయి రోడ్డు మీద, చందానగర్‌కు ఇవతల ఆ ఫ్యాక్టరీ గేటు లేచిన నాటి నుంచీ అంతే. ఆ సంవత్సరమూ ఆయనే యంత్రాలు కడిగించి, మామిడాకులు కట్టించి, గోడ మీది అమ్మవారి పటం పాదాల దగ్గర కుంకుమ ఉంచి, లేతులకూ తన గ్రైండింగ్ మిషనుకూ పసుపు రాసి బొట్టు పెట్టాడు. కొలత పనిముట్ల దగ్గర మాత్రం ఆయన పద్ధతి వేరు. మైక్రోమీటరును పెట్టెలోంచి బయటికి తీసేవాడు కాదు. మూత మీదే బొట్టు పెట్టి కళ్లకద్దుకునేవాడు. వెంట్రుక మందంలో ఏడో ఎనిమిదో వంతును, వాళ్ల మాటలో ఒక పాయింటును, పట్టి చూపించే పనిముట్టు అది. దాని దవడల మధ్య రవ్వంత కుంకుమ పడ్డా లెక్క తప్పుతుంది.

ఆయనకు యాభై రెండేళ్లు. పదేళ్లుగా షుగరు. పాదాలు మంటలని ఇంట్లో భార్య రుక్కమ్మతో చెప్పేవాడు గాని కళ్ల సంగతి ఆమెకు కూడా పూర్తిగా చెప్పలేదు. దవాఖానలో డాక్టరు రెండు కళ్లలోనూ మోతిబిందు, అంటే శుక్లం, ముదురుతోందన్నాడు. షుగరు దిగితే గాని ఆపరేషను చేయనన్నాడు. ఆ చీటీని బాలనర్సయ్య దేవుడి అరలో, విభూతి సంచి కింద దాచాడు. ఫ్యాక్టరీలో తెలిస్తే ఏమవుతుందో ఆయనకు తెలుసు. కిందటేడు చేతులు వణుకుతున్నాయని ఐలయ్యను లేతు మీది నుంచి తీసి గేటు దగ్గర కూర్చోబెట్టారు. ముప్పై ఏళ్ల పనివాడు, వచ్చేపోయే లారీల నంబర్లు రాసుకుంటూ ఆరు నెలల్లో సగమైపోయాడు.

అందుకని ఏడాదిగా బాలనర్సయ్య ఒక ఉపాయం పట్టుకున్నాడు. పక్క మిషను మీద పనిచేసే మొగిలి ఇద్దరు పిల్లల తండ్రి, పని తెలిసినవాడు. పిన్ను దవడల్లో పెట్టి బిగించి, మైక్రోమీటరును అతని ముందుకు చాపి, "ఏదీ, నీ కన్నెంత చెప్తది?" అనేవాడు. మొగిలి చదివేవాడు. "ఆఁ, గంతే," అని బాలనర్సయ్య తల ఊపేవాడు. ఉస్తాద్ తనను పరీక్షిస్తున్నాడని మొదట్లో మొగిలి మురిసిపోయాడు. తర్వాత తర్వాత ఏమీ అనకుండా చదివిపెట్టేవాడు.

దసరా మర్నాడు మొగిలి సెలవు పెట్టాడు. బాచుపల్లిలో అత్తగారింట్లో ఉన్న పెళ్లాం పిల్లల్ని తెచ్చుకోవాలి. ఆ రోజే అచ్చులో దిగే పన్నెండు ఉక్కు పిన్నులు సాయంత్రానికి కావాలని చీటీ వచ్చింది.

బాలనర్సయ్య కిటికీ దగ్గరికి పోయి చూశాడు. కళ్లద్దాలు తుడిచి చూశాడు. అద్దాలు తీసి చూశాడు. గీతలు చీమల బారులా కదులుతున్నాయి. లేతు మీది వాణ్ణి పిలిచి చదవమంటే ఒక్క నిమిషం పని. కాని మొగిలిని పరీక్ష పేరుతో అడగడమే తప్ప, ఇన్నేళ్లలో ఆయన ఎవరినీ అలా అడగలేదు. బిగువు తెలిసిన వేళ్లు తప్పు చెప్పవనుకున్నాడు. అమ్మవారిని తలుచుకుని తనకు తోచిన అంకె చదువుకున్నాడు. పన్నెండూ అదే లెక్కన అరగదీసి ఇచ్చేశాడు.

మర్నాడు పొద్దున షిఫ్టు మొదలవుతూనే పన్నెండు పిన్నులూ తిరిగొచ్చాయి. ఒక్కొక్కటి ఐదు పాయింట్లు తక్కువ. ఎక్కువ ఉంటే ఇంకొంచెం గీయొచ్చు. తక్కువైన ఉక్కును ఎవరు అతికిస్తారు? బాలనర్సయ్య పిన్ను ఒకటి అరచేతిలో పెట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఏమైంది ఉస్తాద్?" అప్పుడే వచ్చిన మొగిలి, జేబులోంచి జమ్మి ఆకు తీసి ఆయన చేతిలో పెట్టబోయి ఆగాడు.

"ఏం కాలే. పనికి పో."

మొగిలి పిన్నుల వంకా ఆయన కళ్ల వంకా చూశాడు. "జర చాయ తాగి రాపో. నేనున్న గదా," అన్నాడు. బాలనర్సయ్య చాయ తాగలేదు గాని కొళాయి దగ్గరికి వెళ్లి మొహం కడుక్కుని వచ్చాడు.

ఆయన వచ్చేసరికి ఫోర్‌మన్ విశ్వేశ్వరరావు మిషను దగ్గర ఉన్నాడు. గుంటూరు వైపు మనిషి. కోపం వచ్చినా 'అండి' వదలడు. చుట్టూ నలుగురైదుగురు చేరారు.

"మీ చేతిలో పన్నెండుకి పన్నెండు పోవడమేమిటండీ? నేను పై వాళ్లకి ఏం చెప్పుకోను?" అంటూ ఆయన పెట్టె తీసి మైక్రోమీటరును వెలుతురుకు ఎత్తాడు. తర్వాత నవ్వాడు. "ఇదండీ సంగతి! దవడ మీద కుంకుమ. పూజలో పెట్టారు, తుడవడం మరిచారు. ఐదు పాయింట్లు తేడా రాదా మరి?"

"తల్లి ఐదు పాయింట్లు నైవేద్యం పట్టింది, సార్," అన్నాడు వెనక నుంచి ఒకడు. అందరూ నవ్వారు.

బాలనర్సయ్య నవ్వలేదు. తాను మూత దాటి బొట్టు పెట్టలేదు. నిన్న మొత్తం ఆ దవడల మధ్య ఉక్కు తప్ప మరేమీ పడలేదు. ఆయన తల తిప్పి చూశాడు. మొగిలి చూపుడు వేలిని ప్యాంటుకు రుద్దుకుంటున్నాడు. రుద్దిన చోట ఎర్రగా ఉంది.

"పోనీలెండి, కారణం దొరికింది," విశ్వేశ్వరరావు జేబులోంచి కలం తీశాడు. "కుంకుమ వల్ల కొలత తప్పిందని రాసేస్తాను. మీ మీద మాట రాదు. అయితే వచ్చే ఏడు నుంచి లోపల పూజ బందండీ. ఆ పటం కూడా తీసి సైకిళ్ల షెడ్డులో పెట్టండి. మేనేజరుగారు ఎప్పట్నుంచో అంటున్నారు."

ఊరుకుంటే చాలు. అబద్ధం ఆడనక్కర్లేదు కూడా. మిషను ఉంటుంది, ఉస్తాద్ అనే పిలుపు ఉంటుంది. రిటైరయ్యేదాకా ఇంకో ఆరేళ్లు ఎలాగో గడుస్తాయి. బాలనర్సయ్య గోడ మీది పటం వైపు చూశాడు. ఆయన కంటికి అమ్మవారి మొహం ఎప్పుడో మసకబారింది. పసుపురంగు ఒకటి, ఎరుపు ఒకటి, అంతే కనిపిస్తాయి. ఆ ఎరుపు మీద తన తప్పు వేసి తాను పక్కకు తప్పుకోవాలా? ఆమె కాదనదు. కాదనని మనిషి మీద వేసే నింద ఏం నింద?

"సార్," అన్నాడు. "అది తుడిచి నాకియ్యుండ్రి. మీ దగ్గరున్నది ఏదన్న ఒకటియ్యుండ్రి, కొలుస్త."

"ఇప్పుడెందుకండీ?"

"ఇయ్యుండ్రి సార్."

విశ్వేశ్వరరావు మైక్రోమీటరును రుమాలుతో తుడిచి, బల్ల మీది, బెజ్జాలు వేసే బర్మా ముక్క ఒకటి అందించాడు. బాలనర్సయ్య దాన్ని దవడల్లో పెట్టి తిప్పాడు. ఆ తిప్పడంలో ఏ లోపమూ లేదు. బిగువు ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. ఎత్తి కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. దూరం పెట్టాడు. మళ్లీ దగ్గరగా పెట్టాడు. నవ్వుతున్నవాళ్లు ఒక్కొక్కరే దగ్గరికి జరిగారు.

"ఎనిమిది... ముప్పై రెండు."

విశ్వేశ్వరరావు తీసుకుని చూశాడు. ఒకసారి చూసి నమ్మక మళ్లీ చూశాడు. "ఇరవై ఏడండీ," అన్నాడు మెల్లగా.

"గదే సార్ ఐదు పాయింట్లు. కుంకుమ కాదు. నా కండ్లు పోయినయ్."

"మరి నాకెందుకు చెప్పలేదండీ ఇన్నాళ్లూ?"

"చెప్తే మిషను మీద ఉంచుతుంటిరా?"

విశ్వేశ్వరరావు రుమాలుకు అంటిన ఎరుపు చూశాడు. "మరి ఈ కుంకుమ ఎలా వచ్చిందండీ ఇక్కడికి?" అన్నాడు.

మొగిలి తల దించుకున్నాడు. బాలనర్సయ్య అన్నాడు: "పూజ చేసింది నేను సార్. కుంకుమ ఏడున్నా నాదే."

కలం మళ్లీ జేబులోకి పోయింది. రేపే దవాఖానకు పొమ్మని, అక్కడికి కావలసిన కాగితం తాను రాసిస్తానని విశ్వేశ్వరరావు చెప్పాడు. తిరిగొచ్చేదాకా సామాన్ల గదిలో కూర్చోమన్నాడు. తర్వాత మిషను సంగతేమిటని బాలనర్సయ్య అడగలేదు, ఆయనా చెప్పలేదు. పూజ మాట కూడా మళ్లీ ఎత్తలేదు.

సాయంత్రం షిఫ్టు వదిలాక ఇద్దరూ గేటు దాటారు. మొగిలిల్లు కూకట్‌పల్లి వైపు. అయినా ఉస్తాద్ సైకిలు హ్యాండిలు తన చేతిలోకి తీసుకుని చందానగర్ వైపు నడిచాడు.

"ఎందుకు చెప్పినవ్ ఉస్తాద్? పనంత సాఫైపోతుండె గదా."

"ఏడికెల్లి తెచ్చినవ్ కుంకుమ?"

"పటం కాడికెల్లి."

"తల్లి పాదాల కాడిది తీసుకొచ్చి అబద్ధానికి పూస్తివారా?"

"నీ అన్నానికి పూసిన," అన్నాడు మొగిలి రోషంగా. "ఆమె ఏమన్న అనుకుంటదా దానికి? నువ్వే చెప్పు."

కుంకుమ ఏడున్నా నాదే అన్న తన మాట బాలనర్సయ్యకు గుర్తొచ్చింది. పొద్దున మొగిలి పేరు రాకుండా తాను అన్నది మాత్రం పూర్తి నిజమా? ఆ లెక్క ఆయనకు తేలలేదు. లారీలు దుమ్ము రేపుకుంటూ పోతున్నాయి. రోడ్డు అంచు ఎక్కడుందో తెలియక ఆయన చెయ్యి సైకిలు సీటు మీద వేసి నడుస్తున్నాడు.

"మిషను రేపటికెల్లి నీకే ఇస్తరు."

"నాకొద్దు."

"ఒద్దంటే ఇంకోనికిస్తరు. పిచ్చోని లెక్క చెయ్యకు." లారీ ఒకటి దాటిపోయింది. తర్వాత బాలనర్సయ్య అన్నాడు, "నీళ్లు బంద్ చేసినంక సానచక్రం వెంటనే ఆపకు. ఐదు నిమిషాలు ఉత్తగ తిరగనియ్యి. లేకుంటే నీళ్లు కింది దిక్కు దిగుతయ్. పొద్దున కొట్టుకుంటది."

"ఊఁ."

"చలికాలం పొద్దున మొదటి పిన్ను కొలత నమ్మకు. మిషను వెచ్చబడాలె."

"ఊఁ."

చందానగర్ బజారు వచ్చింది. రుక్కమ్మకు ఏమని చెప్పాలో ఆయనకు ఇంకా తోచలేదు. మొగిలి వెనక్కు తిరగాలి, బస్సు టైమవుతోంది. బాలనర్సయ్య సైకిలు కోసం చెయ్యి చాపాడు గాని, మాట ఆపలేదు. మిషనుకు ఎడమ చేతి వైపు బెల్టు పట్టీ వదులైనప్పుడు వచ్చే చప్పుడు ఎలా ఉంటుందో నోటితో చేసి చూపిస్తున్నాడు.