లేచి వెళ్ళిన చోటు

2016 మే 12, గురువారం. గురువారం కాబట్టి మా దేశపు ఆనవాయితీ ప్రకారం బఠాణీ సూపు, అందులోకి ఆవముద్ద, తర్వాత ఓవెన్లో కాల్చిన అట్టు, స్ట్రాబెర్రీ జాము. మ్యూజియం క్యాంటీన్లో నా గిన్నెలో సూపు చల్లారి, తెట్టు కట్టింది. ఎదురుగా కూర్చున్న హెల్వి తన గిన్నెను రొట్టెముక్కతో తుడిచి తినేసి, నా వంక చూసింది.

"ఏంటి మేష్టారూ, సూపుకి పరీక్ష పెడుతున్నావా? తిను. అట్టు అయిపోతే మళ్ళీ గురువారం దాకా లేదు."

మా ఊళ్ళో ముప్పై రెండేళ్ళు రసాయన శాస్త్రం చెప్పాను కాబట్టి అందరికీ నేను మేష్టారునే. పేరు ఒస్మో అని నా భార్య ఐలా ఒక్కతే పిలిచేది. ఆమె చనిపోయిన ఏడాదే, ఆమె నేత పలకలు తిరిగిచ్చేద్దామని పాత బడిలో ఆడవాళ్ళు నేసే గదికి వెళ్ళాను. హెల్వి వాటిని తీసుకోలేదు. కాఫీ పోసి, కంచు తీగ కట్ట ఒకటి చేతిలో పెట్టి, "దీన్ని ఈ మేకు చుట్టూ చుట్టు, సందు లేకుండా," అంది. నాలుగేళ్ళయింది. ఇంకా చుడుతూనే ఉన్నాను.

మేము చేస్తున్నది మా ఊరి తైమి పొలంలో దొరికిన మనిషి బట్టలకు నకలు. 1947లో తైమి వాళ్ళ నాన్న బంగాళాదుంపలు దాచుకోవడానికి గొయ్యి తవ్వుతుంటే పారకు ఆకుపచ్చటి కంచు తగిలింది. వెయ్యేళ్ళ కిందటి ఆడమనిషి సమాధి. ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడిపోయాడట. పద్నాలుగేళ్ళ తైమి పక్కనే ఉంది. ఇప్పుడు ఆమెకి ఎనభై మూడు, గుండెలో ఒక కవాటం సరిగ్గా మూసుకోవడం లేదు. ఆగస్టు ఒకటిన ఆపరేషన్. దానికి రెండు రోజుల ముందు, జూలై చివరి శనివారం మా ఊళ్ళో పాతకాలపు వేషాలతో జరిగే సంత. ఆ సంతలో తన పొలంలో ఉన్న మనిషి బట్టలు కట్టుకుని, కర్ర లేకుండా, తన కాళ్ళ మీద నిలబడాలని తైమి కోరిక. మూడేళ్ళుగా హెల్వి నేస్తున్నది అందుకే.

ఇన్నేళ్ళూ మట్టిలో ఉన్న బట్టలో మిగిలింది కొంచెమే. కంచు తాకిన చోట మాత్రమే ఉన్ని మిగిలింది, తక్కినదంతా మట్టయిపోయింది. కంచు చిలుము క్రిముల్ని చేరనివ్వదు. ఈ సంగతి నేను ప్రతి ఏడూ తొమ్మిదో తరగతికి చెప్పేవాణ్ణి, ప్రతి ఏడూ ఎవరో ఒకరు ఆవులించేవాళ్ళు. ఆ రోజు పొద్దున మ్యూజియం వాళ్ళు ఆ మిగిలిన ముక్కని ఒక గంటసేపు మా ముందు పెట్టారు. అరచేతి పొడవుంది. నడుముకి ముందువైపు కట్టుకునే వస్త్రానికి అంచున కుట్టిన పట్టీ అది. హెల్వి పోగుల మందం, రంగు చూసుకుంది. నా పని భూతద్దం పట్టుకుని లెక్కపెట్టడం.

నేను లెక్కపెట్టింది హెల్వికి ఎలా చెప్పాలో తెలియకే సూపు చల్లారింది.

"పట్టీలో తప్పుంది," అన్నాను చివరికి.

"నేను నేసిన పట్టీలోనా?"

"కాదు. ఆవిడ నేసినదాంట్లో. రెండు చోట్ల కొక్కెం ఆకారపు ముగ్గులో ఒక మెట్టు మాయమైంది. నీ దాంట్లో తప్పు లేదు. అదే తప్పు."

హెల్వి చెంచా కింద పెట్టింది. ఆ పట్టీని చెక్క పలకలతో నేస్తారు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద పలకలు నలభై నాలుగు, ఒక్కోదానికి నాలుగు మూలలా నాలుగు కంతలు, కంతల్లో పడుగు పోగులు. పలకలన్నిటినీ కలిపి పావు మలుపు తిప్పాలి, పేక దూర్చాలి, మళ్ళీ తిప్పాలి. పేక దూర్చకుండా రెండుసార్లు తిప్పితే ముగ్గులో ఒక మెట్టు ఎగిరిపోతుంది. ఎప్పుడో ఎవరో ఆ ముక్కని చూసి గీసిన పటంలో ఆ తప్పుల్ని దిద్దేశారు. హెల్వి ఆ పటం చూసి నేసింది. ఆమె చెయ్యి మరింత దిద్దింది.

"దిద్దితే తప్పేముంది?" అంది. "ఆవిడే ఉంటే నాకు దండం పెట్టేది. యాభై ఏళ్ళుగా నేస్తున్నా మేష్టారూ, ఇప్పుడు తప్పు నెయ్యమంటావా?"

నేను జేబులోంచి కళ్ళద్దాల పెట్టె తీశాను. దానికి కట్టి ఉన్న తాడు ఐలా నేత నేర్చుకునేటప్పుడు నేసిన మొదటి పట్టీ. ఏడు చోట్ల అలాంటి గెంతులే ఉన్నాయి. ఇదేంటని అప్పట్లో అడిగితే, "నువ్వు కాఫీకి పిలిచినప్పుడల్లా ఒకటి," అంది. పలకలు తిప్పి, పేక దూర్చేలోపు ఎవరో పిలిస్తే లేచి వెళ్ళాలి. తిరిగొచ్చాక తిప్పామో లేదో గుర్తుండదు. మళ్ళీ తిప్పుతాం.

హెల్వి ఆ తాడుని వేళ్ళ మధ్య చాలాసేపు నడిపింది. తర్వాత నా అట్టు కూడా తినేసింది.

మర్నాడు పాత బడికి తైమిని పిలిపించాం. కర్ర గోడకి ఆనించి, కోటు విప్పకుండానే కూర్చుంది. నేను చెప్పిందంతా విని, "అంటే ఆవిడకీ ఇంట్లో పొయ్యి మీద ఏదో మాడుతూనే ఉండేదన్నమాట," అంది.

"పట్టీ మొత్తం విప్పి మళ్ళీ నెయ్యాలంటే రోజుకి నాలుగు వేళ్ళ మేర," అంది హెల్వి. "నెల పడుతుంది. మేష్టారు చుట్టిన కంచు చుట్టలన్నీ అంచుకి మళ్ళీ కుట్టాలి. సంతకి అందకపోతే? ఇలాగే ఉంచితే ఎవడికీ తెలీదు."

"నాకు తెలుస్తుంది. మేష్టారికి తెలుస్తుంది. పొలంలో ఆవిడకి ముందే తెలుసు." తైమి బుగ్గలో చక్కెర పలుకు వేసుకుని కాఫీ తాగింది. "హెల్వీ, నేను చచ్చాక ఎవరైనా వచ్చి నా తప్పులు దిద్దితే, లేచొచ్చి పీక పిసుకుతాను."

"నువ్వు బతికుండగానే పిసికేట్టున్నావు."

"అయితే విప్పు."

హెల్వి సూది తీసింది. నెల పైబడిన పనిని ఒక మధ్యాహ్నంలో విప్పేసింది. ముఖంలో ఏ మార్పూ లేదు. కుట్టు తెగిన చోటల్లా పోగుని వేలితో నిమిరి, పక్కన చుట్ట పెట్టుకుంది. మంచి పనివాళ్ళు పని చెయ్యడం చాలాసార్లు చూశాను. చేసిన పని విప్పడం అంత మర్యాదగా చూసింది అప్పుడే.

సోమవారం కొత్త పడుగు వేసింది. మొదటి వారం తప్పు కావాలనే చేసి చూసింది. రాణిగారు బిచ్చగత్తె వేషం కట్టినట్టుంది. గెంతు ఉండాల్సిన చోట ఉంది గాని, దాని పక్కన పోగులు దండులా, బిగువుగా నిలబడి, "మేం కావాలనే" అంటున్నాయి. అది చూసి తైమి, "దొంగతనం నేర్వని దొంగ చెయ్యి," అంది. ఆ మాట ఇప్పటికీ అంటూనే ఉంటుంది. హెల్వి అంతా విప్పి, ఆ గెంతు లేకుండా నేసింది.

అప్పుడు నాకు కొత్త పని దొరికింది. హెల్విని పిలవడం.

"హెల్వీ, కాఫీ."

"ఇప్పుడేగా తాగాం."

"ఇంకోసారి."

ఆమె లేచి వచ్చేది, తాగేది, వెళ్ళి కూర్చునేది. పట్టీ నున్నగా సాగిపోయేది. కిటికీలోంచి దుప్పి కనిపించిందన్నాను. పోస్టు వచ్చిందన్నాను. ఎవరో తలుపు కొట్టారన్నాను. నాలుగోసారికి ఆమె పేక దూర్చే ముల్లుని టేబులు మీద కొట్టింది.

"ఒస్మో, నీ భార్య నిన్ను ముప్పై ఎనిమిదేళ్ళు ఎలా భరించిందో ఇప్పుడు తెలిసింది."

నన్ను పేరుతో పిలిచింది. నాలుగేళ్ళలో మొదటిసారి. ఆ మాట విని నేను కాసేపు తీగ చుట్టడం మరిచిపోయి కూర్చున్నాను. ఆమె గమనించింది. నా కప్పులో కాఫీ పోసి వెళ్ళింది.

ఎన్నిసార్లు పిలిచినా తప్పు రాకపోవడానికి కారణం నాకు తర్వాత అర్థమైంది. లేచేముందు ఆమె పేకముల్లుని పడుగు సందులో సగం దూర్చి లేస్తుంది. తిరిగొచ్చి చూడగానే ఎక్కడ ఆపిందో తెలిసిపోతుంది. యాభై ఏళ్ళ అలవాటు. నేను చెప్పి మాన్పించాలని చూస్తే, "ఊపిరి పీల్చడం మానమన్నా మానతాను గాని," అంది. దాంతో మేమిద్దరం ఆ సంగతి వదిలేశాం. మెట్టు తప్పని పట్టీయే అవుతుందనుకున్నాం. తైమికి మాత్రం చెప్పలేదు.

జూన్ 14, మంగళవారం. పట్టీ ఇంకో మూరెడు మిగిలింది. హెల్వి ఫోను కిటికీ గూట్లో మోగింది. తైమికి చెవులు సరిగ్గా వినపడవు కాబట్టి ఆసుపత్రికి హెల్వి నంబరే ఇచ్చింది. హెల్వి లేచింది. నిలబడే మాట్లాడింది. "సరే. సోమవారం. సరే. పొద్దున ఏడింటికి," అని ఫోను పెట్టేసి, కిటికీ బయటికి చూస్తూ నిలబడింది.

"ఒక మంచం ఖాళీ అయిందట," అంది. "వచ్చే సోమవారమే రమ్మన్నారు. ఆరు వారాల ముందు. మంచిదే అన్నాడు డాక్టరు, ఆలస్యం అవ్వకూడదట."

"సంత?"

"సంతప్పటికి ఆవిడ మంచం మీద ఉంటుంది." వచ్చి కూర్చుంది. "ఆదివారానికి అయిపోవాలి. తీగ చుట్టు మేష్టారూ, చూస్తూ కూర్చోకు."

ఆ రోజంతా పలకల టకటక, నా మేకు చుట్టూ తీగ రాపిడి, అంతే.

మర్నాడు పొద్దున నేను ముందొచ్చాను. అలవాటు కొద్దీ భూతద్దం పెట్టి నిన్నటి మేర చూశాను. మొదట్లోనే ఒక చోట కొక్కెం ఒక మెట్టు ఎగిరిపోయి ఉంది. దాని పక్క పోగు కొద్దిగా వదులు. మ్యూజియంలో చూసినట్టే. హెల్వి వచ్చాక భూతద్దం ఆమె చేతికిచ్చాను.

ఆమె చూసింది. చెయ్యి తనంతట తానే విప్పే సూది దగ్గరికి వెళ్ళింది. సూది తీసి, కాసేపు వేళ్ళ మధ్య పట్టుకుని, మళ్ళీ డబ్బాలో పెట్టేసింది.

"ఫోను," అంది.

"అవును."

"ముల్లు దూర్చలేదు నేను."

"లేదు."

"సరే," అని కూర్చుని, మిగిలిందంతా నాలుగు రోజుల్లో నేసింది. నేను చుట్టలు తెగ్గోసి ఇస్తుంటే కుట్టింది. ఇంకో తప్పు రాలేదు. ఒకటి చాలు.

ఆదివారం సాయంత్రం ఏడున్నరకి తైమి వచ్చింది. జూన్లో మా ఉత్తరపు దేశంలో పొద్దు త్వరగా వాలదు, సూర్యుడు ఇంకా చాలా ఎత్తున ఉన్నాడు. హెల్వి ఆమెకి తొడిగింది. ముందు తెల్లటి లోపలి బట్ట, పైన నీలం గౌను, భుజాలకి రెండు కంచు బిళ్ళలు, వాటి మధ్య గొలుసులు, నడుముకి ముందు వస్త్రం. నన్ను వరండాలోకి పంపేశారు. తలుపు తెరిచేలోపే నాకు ఆమె వస్తున్నట్టు తెలిసింది. అడుగు వేసినప్పుడల్లా అంచునున్న వందల చుట్టలు ఒకదానికొకటి తగిలి, గింజలు చేటలో పోసినట్టు చప్పుడు. నాలుగేళ్ళు చుట్టానే గాని అవి మాట్లాడతాయని నాకు తెలియదు. ఆ కాలంలో ఒక ఇల్లాలు వస్తుంటే ముందు ఈ చప్పుడు వచ్చేదన్నమాట. ఇంట్లో పిల్లలు దాన్ని విని అల్లరి ఆపేవాళ్ళేమో.

"ఎలా ఉన్నాను?" అంది తైమి.

"బరువుగా," అంది హెల్వి.

"నీ నోట్లోంచి అదే పొగడ్త."

కర్ర వరండాలోనే వదిలేసింది. నేను చెయ్యి ఇవ్వబోతే తోసేసింది. బడి వెనకే ఆమె పొలం. బంగాళాదుంప మొక్కలు జానెడు ఎత్తున ఉన్నాయి. నాన్న గొయ్యి తవ్విన చోటుకి గుర్తుగా ఒక రాయి ఉంది, అక్కడి దాకా సాలు వెంట మెల్లగా నడిచింది. మేమిద్దరం నాలుగడుగులు వెనక. రాయి దగ్గర ఆగి, వస్త్రపు అంచు చేత్తో పైకెత్తి, కళ్ళ దగ్గర పెట్టుకుని వెతికింది.

"ఎక్కడ మేష్టారూ?"

చూపించాను. ఆమె బొటనవేలు ఆ గెంతు మీద ఆనించి నిలబడింది. కిందికి చూస్తూ, పక్కింటావిడని అడిగినట్టు అడిగింది.

"ఎవరు పిలిచారమ్మా నిన్ను?"

నేను జేబులో కళ్ళద్దాల పెట్టె తాడు పట్టుకున్నాను. ఏడు గెంతులూ వేలికి తగిలాయి. ఏడుసార్లు పిలిస్తే ఏడుసార్లూ వచ్చింది ఐలా.

"చాలు, లోపలికి పద," అంది హెల్వి. "యాలకుల బన్ను ఉంది. రేపటి నుంచి నీకు ఆసుపత్రి గంజే."

లోపల తైమి రెండు బన్నులు తింది. బట్టలు విప్పేటప్పుడు ఒక్కో బిళ్ళనీ తనే తీసి హెల్వి చేతిలో పెట్టింది. "సంతకి దీన్ని ఎవరికైనా తొడుగుతావా?"

"బొమ్మకి తొడుగుతా. పక్కన చీటీ పెడతా, మనిషి ఆసుపత్రిలో ఉంది, వచ్చే ఏడాది రండి అని."

"రాయి, రాయి. నేను రాకపోతే నీదే అబద్ధం."

తైమి అన్న కొడుకు కారు తెచ్చాడు. తైమి కర్ర అందుకుని వెళ్ళిపోయింది. నేను కప్పులు కడిగాను. హెల్వి దుస్తుల్ని పెద్ద బల్ల మీద పరిచి, మడతలు పడకుండా మధ్యలో నార గుడ్డలు పెట్టి, పట్టీ పైకి కనిపించేలా సర్ది, మీద తెల్ల దుప్పటి కప్పింది. పలకల్ని దారానికి గుచ్చి మేకుకి తగిలించింది. ఐలా పలకలు ఆ పక్క మేకుకే ఉన్నాయి.

ఆ గది తలుపు పాతది, లాగితే కిర్రుమంటుంది. కాస్త పైకెత్తి లాగితే అనదు. హెల్వి రెండు చేతులా పిడి పట్టుకుని పైకెత్తి, మెల్లగా మూసింది.