దొరసాని గొంతు

తునిలో బావమరిది ఉదయ్‌భాస్కర్ కొత్త సౌండు బాక్సులు కొన్నప్పుడు అప్పాజీకి ఒళ్లు మండలేదు. వ్యాను మీద తన పేరు ఎర్రలైట్లతో రాయించుకున్నప్పుడూ మండలేదు. వాడు పాటలు పెట్టిన ఒక పంచెల ఫంక్షన్లో మండింది. పాట మంచి ఊపులో ఉండగా హఠాత్తుగా సద్దు తగ్గి, బాక్సుల్లోంచి ఒక దొరసాని గొంతు ఇంగ్లీషులో ఏదో పలికింది. పలికి ఊరుకుంది. పాట మళ్లీ లేచింది. జనం ఈలలే ఈలలు. చుట్టాలావిడ బుల్లెమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విని, "ఎంత చక్కగా దీవించిందమ్మా!" అంది.

మన జనం సంగతి ఇదీ. తెలుగులో నాలుగు మంచి ముక్కలు చెబితే ఆవలిస్తారు, ఇంగ్లీషులో తుమ్మితే చప్పట్లు కొడతారు. అప్పాజీ ఏమన్నా ఆకాశంలోంచి ఊడిపడ్డాడా? అతనూ చెవులు రిక్కించాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. కడుపులో మాత్రం నిప్పు పడింది.

బావమరిదిని పక్కకి లాగాడు. "ఏంట్రా అది?"

"పాటలు కలిపే సాఫ్ట్‌వేర్ బావా, కొత్త వెర్షన్."

"ఆ మాట్లాడేదెవరు?"

"సాఫ్ట్‌వేర్‌లో మనిషే. నీ పాతదాంట్లో రాదులే." అంతటితో ఊరుకోవచ్చు కదా! చుట్టూ ఉన్నవాళ్లకి వినపడేలా, "మా బావ ఇంకా సైకిలే తొక్కుతున్నాడండీ, గాలి కూడా తనే కొట్టుకుంటాడు" అన్నాడు.

అందరూ పగలబడి నవ్వారు. అప్పాజీ పెళ్లాం సూర్యకళ కూడా నవ్వింది. తమ్ముడి హాస్యానికి అక్క నవ్వకుండా ఉంటుందా? పెద్దాపురం తిరిగొచ్చే బస్సులో ఆ నవ్వే అప్పాజీ చెవిలో తిరిగింది. దొరసాని గొంతు కన్నా గట్టిగా.

నిజం చెప్పాలంటే అప్పాజీ దగ్గర లేనిదేమీ లేదు. క్యాసెట్ల కాలం నుంచీ ఒక పాట దరువును ఇంకో పాట దరువులోకి చెవితోనే కలిపేవాడు, అతుకు ఎక్కడో ఎవరికీ దొరికేది కాదు. కంప్యూటర్ కొన్నాకా ఆ చెవే పని చేసింది. కొత్త వెర్షన్లో ఒక బటన్ నొక్కితే యంత్రమే రెండు పాటల వేగం సమానం చేస్తుందని రాజమండ్రి కంప్యూటర్ షాపు మురళీకృష్ణ ఎప్పుడో చెప్పాడు. "నాకు చెవులున్నాయి కదండీ, మళ్లీ చెవులు కొనుక్కోవడం దేనికి?" అని అప్పాజీ నవ్వేసి వచ్చాడు. పైగా తన పాత కంప్యూటర్ దాన్ని మొయ్యలేదు, అందులో మెమరీ కూడా వేయించాలి. అక్కర్లేదనుకున్నాడు. మంచి నిర్ణయం. అసూయ దాన్ని ఒక్క సాయంత్రంలో నాకేసింది.

ఈలోగా నాగేశ్వరప్రసాద్ గారు కబురంపారు. ఊళ్లో పెద్ద రైతు. ఆయన కూతురు హారతి బారసాలకీ, ఓణీల ఫంక్షన్‌కీ అప్పాజీయే బాక్సులు పెట్టాడు. ఇప్పుడు ఆ పిల్లకి పెళ్లి.

"ఏమయ్యా, మీ బావమరిది దగ్గర ఇంగ్లీషు ఆవిడెవరో మాట్లాడుతుందంట కదా. వియ్యాలవారు కాకినాడ వాళ్లు. మనం తక్కువైపోకూడదు. నీ దగ్గరుందా?"

"ఆయ్, పెట్టించేస్తానండి."

"లేకపోతే ముందే చెప్పు. తుని ఫోన్ చేసుకుంటాను. ఏమనుకోకు మరి."

ఏమనుకోకూడదట! ఆ ఎర్రలైట్ల వ్యాను పెద్దాపురంలోకి, ఆ ఇంటి ముందుకి వచ్చి ఆగితే ఇంక అప్పాజీ ఏ మొహంతో బజార్లో తిరగాలి?

"తమ్ముడికి విశాఖపట్నంలో ఎవరో కాపీ ఇచ్చారటండీ" అంది సూర్యకళ. "అడిగితే మీకూ ఒకటి చేసివ్వడా?"

"వాడి ముందు చెయ్యి చాపుతానా? వాడిది కాపీ. నేను అసలుదే కొంటాను. నా దొరసాని వాడి దొరసాని కన్నా స్పష్టంగా పలకాలి."

చీటీ పాడేశాడు. మెమరీ వేయించాడు. రాజమండ్రి వెళ్లి సీడీ, దాంతోపాటు వచ్చిన నంబరు తెచ్చుకున్నాడు. నంబరు కొట్టి ఎక్కించాడు. పాట పెట్టి చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

పాటలు తేనెలా ఒకదాంట్లోకి ఒకటి జారుతున్నాయి. దొరసాని రాలేదు.

"ఏదండీ?" అంది సూర్యకళ గుమ్మంలోంచి.

"వస్తుంది. ఉండు."

ఎసరు మరిగింది, అన్నం ఉడికింది, వార్చడం కూడా అయింది. "మా తమ్ముడి దాంట్లో రెండు పాటలకోసారి వస్తుంది కదా" అని ఆవిడ గిన్నెతో సహా వచ్చి నిలబడింది. అప్పాజీ ఆవిడకేసి చూసిన చూపుకి అన్నం మాడాలి.

మర్నాడు రాజమండ్రి షాపులో కౌంటర్ మీద సీడీ విసిరాడు. "మోసం చేశారండి. ఇందులో ఆవిడ లేదు."

"ఏ ఆవిడండీ?" అన్నాడు మురళీకృష్ణ. సంగతంతా విన్నాడు. కుర్చీలోంచి పడిపోతాడేమో అన్నంత నవ్వాడు. "ఆవిడేమంటుందో తెలుసాండీ? 'ఈ సాఫ్ట్‌వేర్ డబ్బు కట్టి కొన్నది కాదు, దయచేసి కొనండి' అంటుంది. మీరు కొన్నారు కాబట్టి నోరు మూసుకుంది."

"మరి మా వాడిది?"

"మీ వాడు కట్టేదాకా అంటూనే ఉంటుంది. మీకూ అంత కావాలంటే ఆ నంబరు తీసెయ్యండి, రెక్కలు కట్టుకుని వస్తుంది."

తిరుగు బస్సులో అప్పాజీ ఒళ్లంతా పండగ. వాడి బాక్సులే వాణ్ని నలుగురిలో దొంగ అని చాటుతున్నాయి! దిగీ దిగగానే నాగేశ్వరప్రసాద్ గారింటికి నడిచాడు. మొత్తం చెప్పాడు, కొంచెం కారం కూడా జల్లి చెప్పాడు.

ఆయన పడక్కుర్చీలోంచి లేవకుండానే విన్నారు. "అయితే ఏంటయ్యా? ఎవడికి అర్థమవుద్ది?"

"కాకినాడ వాళ్లకి అర్థమైతేనోనండి?"

"వాళ్లూ మనలాంటి వాళ్లే. అది కాదు గానీ, నీ దగ్గర ఆవిడ ఉన్నట్టా, లేనట్టా?"

డబ్బు కట్టిన ఒకే ఒక్క మగాడు అక్కడ నిలబడ్డాడు. తల దించుకున్నాడు. "ఉందండి."

పెళ్లివారి ఊరేగింపు సాయంత్రం బయలుదేరింది. నంబరు పీకేసిన కంప్యూటర్‌తో అప్పాజీ వ్యాను మీద కూర్చున్నాడు. కొత్త బటన్ ముట్టుకోలేదు. డప్పు దరువు మీదికి పెళ్లిపాటను చెవితోనే తెచ్చాడు. రెండూ కలిసే క్షణం, జన్మలో అంత బాగా ఎప్పుడూ కుదరలేదు. సరిగ్గా అక్కడే పాట కూలబడి దొరసాని అందుకుంది. జనం ఊగిపోయారు. కాకినాడ వియ్యంకుడు నోట్లు ఎగరేశాడు. అప్పాజీ కుదిర్చిన ఆ కలయికను ఒక్కడూ వినలేదు.

అక్కను చూడ్డానికని వచ్చిన ఉదయ్‌భాస్కర్ వ్యాను ఎక్కి పక్కన కూలబడ్డాడు. "అదీ బావా! దారికొచ్చావు."

అప్పాజీ ఇక ఆగలేకపోయాడు. "అది నిన్ను దొంగ అంటోందిరా. తెలుసా?"

"తెలుసు. మొదటి రోజే తెలుసు."

"తెలిసీ?"

"జనానికి నచ్చింది కదా బావా. అననీ." నవ్వాడు. ఏ మచ్చా లేని నవ్వు. వెంటనే కళ్లు చిన్నవి చేశాడు. "అవునూ, నువ్వు డబ్బులు పోసి కొన్నావని అక్క చెప్పిందే? కొంటే ఆవిడ రాదుగా!"

కొన్నానంటే జన్మంతా నవ్వుతాడు వీడు. ప్రతి పెళ్లిలో, ప్రతి పంక్తిలో చెప్పుకుని మరీ నవ్వుతాడు.

"కొనడమేంట్రా? మీ అక్కకేం తెలుసు! కాపీయే" అన్నాడు.

"అదీ!" అని ఉదయ్‌భాస్కర్ వీపు మీద చరిచాడు.

దొరసాని మళ్లీ వచ్చింది. ఉదయ్‌భాస్కర్ రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని, తనని తిట్టే ఆ మాటకే అందరికన్నా ముందు ఈల వేశాడు. అప్పాజీ కూడా వేళ్లు నోట్లో పెట్టుకున్నాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. బావమరిది ఈల విని అతనికి కుళ్లు పుట్టింది.