మధ్యాహ్నం అక్క

చొక్కా ఆయన ఒంటి మీద ఉండగానే ఆమె గుండీ కుడుతోంది. విప్పి ఇచ్చే తీరిక ఆయనకు లేదు.

"దొంగ దొరికిందే" అన్నాడాయన. "హాస్టల్ పిల్ల. రేపు విచారణ. తర్వాత పెట్టే బేడా సర్దుకోవడమే."

ఆయన యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్‌కు పెద్ద. హాస్టల్ పిల్లలు సినిమాలూ, పాటలూ, పుస్తకాలూ ఒకరి కంప్యూటర్లోంచి ఒకరు తీసుకుంటున్నారు. ఆ పంపకాలు మూయించే పని ఆయన మీద పడింది. మూయిస్తే చాలదు, పైవాళ్లకు ఒక తలకాయ కూడా కావాలి.

"ఎవరా పిల్ల?"

"కంప్యూటర్లో పెట్టుకున్న పేరు ఆవులింతట! అదో పేరు. అందరూ ఎగబడే ఫోల్డరు ఒకటుంది, 'మధ్యాహ్నం అక్క' అని. జనం చేరేది అక్కడే కాబట్టి ముఠాకు నాయకురాలు ఆ అక్కే. 'ఆ అక్కవు నువ్వేగా' అని ఎంత గద్దించినా ఈ ఆవులింత ఒప్పుకోదు."

సూది ఆమె వేలిలో దిగింది.

స్టాఫ్ క్వార్టర్లకూ హాస్టళ్లకూ కంప్యూటర్లను కలిపే తీగ ఒకటే. ఆఫీసులో పనికిరాదని ఆయన తెచ్చి స్టోర్‌రూంలో పడేసిన కంప్యూటర్‌ను ఆమె తడుముకుంటూ నేర్చుకుంది. పాత పాటలేమైనా దొరుకుతాయేమోనని పిల్లల గుంపులోకి తొంగి చూసింది. వాళ్లకో కట్టుబాటు ఉంది: నీది ఏదో ఒకటి తెరిచిపెడితేనే ఎదుటివాళ్లది తీసుకోవాలి. తన దగ్గరేముంది? ఇల్లు ఆయనది, వంటింటి పెత్తనం అత్తగారిది, ఆఖరికి నడుంనొప్పి కూడా అత్తగారి నడుంనొప్పి తర్వాతే లెక్కలోకి వచ్చేది. మిగిలినవి కలలు. పొద్దున లేచి ఒకటి చెప్పబోతే "కలలు కనే తీరిక ఉందంటే ఇంట్లో పని తక్కువైనట్టే" అని అత్తగారు అంట్లు ముందుకు తోసేది. అందుకని మధ్యాహ్నాలు కూరగాయలు తరుగుతూ, గొంతు దించి, కంప్యూటర్లో రికార్డు చేస్తూ చెప్పుకుంది. ఇంట్లో గోడలన్నీ తడి దుప్పట్లయి తీగల మీద వేలాడుతున్నాయని, ఒక్కోదాన్నీ తప్పించుకుంటూ నడుస్తుంటే ఎంతకీ గుమ్మమే రాలేదని. నీళ్లు మెట్లెక్కి వస్తూ, ఒక్కో మెట్టు మీదా కూర్చుని ఆయాసం తీర్చుకున్నాయని. చెబుతున్నంతసేపూ కత్తిపీట ఎక్కడో దూరంగా చప్పుడు చేసేది, ఆమె తేలుతూ ఉండేది. వాటినే 'మధ్యాహ్నం అక్క' ఫోల్డర్లో తెరిచిపెట్టేది. నాలుగు రోజులు పెట్టకపోతే ఆవులింత రాసేది: "అక్కా, కలేదీ? ఇక్కడ నిద్రపట్టక చస్తున్నాం." ఇన్నేళ్ల కాపురంలో ఆమె కోసం ఎవరైనా ఎదురుచూడటం అదే మొదలు.

ఒప్పుకుంటే ఆ స్టోర్‌రూం తలుపుకు తాళం పడుతుంది. నోరు మూసుకుంటే ఆ పిల్ల చదువు పోతుంది.

"ఏముంటుందండీ ఆ ఫోల్డర్లో?"

"ఎవత్తో ఆడది, కలలు చెబుతుంది. పనీపాటా లేని మనిషి."

"మీరు విన్నారా?"

"వినక చస్తానా? పొద్దుటి నుంచీ అదే పని. ఏమాటకామాట, గొంతు బాగుంది. ఎక్కడి మనిషో మరి. ఏమే, దారం తెంపు, ఆలస్యమవుతోంది."

ఆమె దారం కొరకడానికి ఆయన గుండెల దాకా వంగి, అక్కడే కాసేపు ఆగిపోయింది. నీళ్లడుగున కూర్చున్నట్టు అన్నీ నెమ్మదించాయి. పక్కలో పడుకుని, పిల్లల్ని కని, అన్నానికి పిలిచి, మందులకు పిలిచి అరిగిపోయిన గొంతు అది. నవ్వు వచ్చింది. కోపం ఇంకా దారిలోనే ఉంది.

మర్నాడు ఆమె పొయ్యి ఆపేసి, ఉడకనిది ఉడకనట్టే వదిలేసి, విచారణ గదికి నడిచింది. పొడవాటి బల్ల అవతల పెద్దలు, చివరన ఆయన. ఇవతల బక్కపల్చటి పిల్ల, ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడి ఉంది.

"ఆ అక్కను నేను. ఈ పిల్లను వదిలేయండి" అంది ఆమె గుమ్మంలోంచే.

పిల్ల చటుక్కున తలెత్తింది. "అక్కా!"

ఆయన కుర్చీలోంచి సగం లేచాడు. "మా ఆవిడండీ... ఒంట్లో బాగోలేదు, ఏదో మాట్లాడుతోంది."

పెద్దల్లో ఒకరు అయోమయంగా ఆయన వైపు తిరిగారు. "ఆ గొంతు ఈవిడదేనంటారా?"

"ఆయన్నడక్కండి" అంది ఆమె, కుర్చీ లాక్కుని పిల్ల పక్కన కూర్చుంటూ. "ఆయనకు తెలీదు."