పై గది కిటికీ

మా కళ్ళెదుటే పై గది కిటికీలోంచి ఓనరు మనుషులు ఏసీని పీకేశారు. ఆ బిల్డింగులో అద్దెకుండే మేమంతా మెట్ల మీద నిలబడి చూశాం, అంతే.

ఆ గది కుట్టుమిషన్ అక్కది. నెత్తిమీద రేకులు, మంచంలో ఊపిరాడని తల్లి. ఈ ఎండలకు ఆమె బతకాలంటే గది చల్లగా ఉండాలని డాక్టరు చెప్తే, అక్క పాత ఏసీ ఒకటి తెచ్చుకుంది. ఓనరు రూల్సు పెట్టాడు. కింద ఇనప స్టాండు వేయాలి, వైరు విడిగా లాగాలి, నీళ్ళు గదిలోకి కారకుండా బయటికి కాస్త వాలుగా పెట్టాలి. పైగా, బయట ఎవరి మీదా చుక్క పడకూడదట! బయటికి వాలిన ఏసీ నీళ్ళు మరి ఆకాశంలోకి పోతాయా? కింద ఇస్త్రీ బల్ల మీద పడ్డాయి.

ఇస్త్రీ బాబాయి పైకెక్కి అక్కతో ఒక్క మాట చెప్తే పైపు ముక్కతో తీరిపోయే గొడవ. కానీ మాకందరికీ ఓ పాడు అలవాటు ఉండేది. పక్కగది పిల్లలు గోల చేసినా సరే, నేరుగా ఓనరు దగ్గరికే పరుగెత్తేవాళ్ళం. బాబాయీ అదే చేశాడు. వీధివైపు ఏసీ ఉంటే బిల్డింగు అందం పోతుందని ఏడుస్తున్న ఓనరుకు అంతకన్నా ఏం కావాలి?

"పైపు పెట్టిస్తాను సార్. ఈ ఎండలు పోయేదాకా ఆగండి," అని అక్క కాళ్ళావేళ్ళా పడింది.

"రూలంటే రూలే," అన్నాడాయన. ఏసీ ఆయన గోడౌన్‌లోకి పోయింది.

అక్క తడిగుడ్డలు కప్పుతూ, విసనకర్రతో విసురుతూ కూర్చుంది. వారం తిరక్కుండానే ఓ మిట్టమధ్యాహ్నం తల్లి కన్నుమూసింది.

సాగనంపి వచ్చాక అందరం మెట్ల దగ్గర కూలబడ్డాం.

"నేనే చంపాను తల్లీ," అన్నాడు బాబాయి.

"నీ మాట అడ్డం పెట్టుకుని వాడు చంపాడు బాబాయ్," అంది అక్క. "కానీ నువ్వు నాతో చెప్పాల్సింది."

"ఇప్పుడేం చేసినా పోయిన మనిషి రాదుగా," అన్నాడు ఆటో అన్న.

"రాదు. నా పక్కగదిలో పచ్చి బాలింత ఉంది. అదీ ఆ రేకుల కిందే కదా!"

లేచాం. గోడౌన్ తాళం బాబాయే పగలగొట్టాడు. ఏసీని భుజాలకెత్తుకుని పైకి మోశాం. బాలింత గది కిటికీకి బిగించి, పైపు తగిలించాం.

ఓనరు పోలీసుల్ని తెచ్చాడు. తాళం పగలగొట్టింది తనేనని చెప్పి బాబాయి జీపెక్కాడు. మేం జీపుకు అడ్డం పడితే కసిరాడు.

"నాకోసం ఇక్కడ కూర్చుంటారేంట్రా? పైన కిటికీ దగ్గర ఎవరున్నారు? పోండి!"

జీపు కదిలింది. మేం పైకి పరుగెత్తి, మెట్ల నిండా, గుమ్మం నిండా కూర్చున్నాం. గదిలో బిడ్డ హాయిగా నిద్రపోతోంది. అక్క ఏసీ ముందు చెయ్యి పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఇంత గాలే కదా... మా అమ్మకు ఇంత గాలే కదా అడిగాను!"

కింద నుంచి ఓనరు మనుషులు దారి వదలమని అరుస్తున్నారు. ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని అక్కడే కూర్చున్నాం.